మగ మరకల పుస్తకం

మా ల్యాబులో లోపలి గది తలుపు మీద ఒక బోర్డు ఉంటుంది. "మగవాళ్లకు ప్రవేశం లేదు. ఎంత పెద్దవాళ్లయినా సరే." మొదటి వాక్యం రాయించింది మా గడ్డం సారు, అంటే ఈ ల్యాబుకు పెద్ద. రెండో వాక్యం నేను చేర్చాను. తను పెట్టిన నియమానికి తనే బలైపోయి, ఏడాదిగా ఆయన తలుపు అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తుంటారు. ఆ ముక్కు మరక రోజూ సాయంత్రం తుడిచేది కూడా నేనే.

మాది ప్రసూతి ఆసుపత్రిలో కింది అంతస్తు. మేం చేసే పని వినడానికి గొప్పగా ఉంటుంది, చూస్తే మాత్రం గిన్నెలు కడుక్కోవడంలా ఉంటుంది. గర్భిణి చేతి నుంచి రెండు చెంచాల రక్తం తీస్తాం. దాన్ని యంత్రంలో పెట్టి గిర్రున తిప్పితే ఎర్రదంతా అడుక్కి దిగిపోయి, పైన లేత పసుపు నీరు తేరుకుంటుంది. ఆ నీటిలో తల్లి డీఎన్‌ఏ తుంపులతో పాటు కడుపులో బిడ్డవి కూడా కొన్ని తిరుగుతుంటాయి. నిజం చెప్పాలంటే అవి బిడ్డకు తిండి అందించే మాయ నుంచి రాలిన పొట్టు. మాయ ఆరోగ్యంగా ఉంటే పొట్టు కొద్దిగానే రాలుతుంది. లోపల ఏదైనా తేడా చేస్తే పాత గోడ సున్నంలా రాలుతుంది. ఆ తేడా ముదిరితే తల్లికి బీపీ ఎగబాకి, కాళ్లూ మొహమూ ఉబ్బి, ఫిట్స్ వచ్చి, తల్లీ బిడ్డా ఇద్దరి ప్రాణాల మీదికీ వస్తుంది. పాతకాలం మంత్రసానులు దాన్నే గుర్రపువాతం అనేవారు. బీపీ పెరగడానికి ఎన్నో వారాల ముందే ఈ పొట్టును లెక్కపెట్టి ప్రమాదాన్ని పసిగట్టవచ్చా అన్నదే గడ్డం సారు పరిశోధన.

అయితే ఏ తుంపు తల్లిదో ఏది బిడ్డదో ఎలా తెలుస్తుంది? దానికి సారు సులువైన దారి పట్టారు. మగపిల్లాడి డీఎన్‌ఏలో ఆడవాళ్లలో అస్సలు ఉండని ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని లెక్కపెడితే చాలు, అది ఖచ్చితంగా బిడ్డదే. మరి కడుపులో ఆడపిల్ల ఉంటే? మా యంత్రం సున్నా చూపించి ఊరుకుంటుంది. "ఆడపిల్లల తల్లులకి గుర్రపువాతం రాదా సారూ?" అని నేను చేరిన మొదటి వారమే అడిగాను. "దానికి వేరే పద్ధతి కావాలమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. ఆ తర్వాత అన్నది మూడేళ్లయినా రాలేదు.

ఇక బోర్డు సంగతి. ఒకసారి ముప్పై ట్యూబులు పరీక్షిస్తే ముప్పైమందికీ మగపిల్లలే తేలారు. అందులో ఒక రక్తం నాది. గర్భం లేని ఆడదాని రక్తం పోల్చి చూడటానికి కావాలంటే నేనే ఇచ్చాను. నాకు నలభై తొమ్మిదేళ్లు, పెళ్లి చేసుకునే తీరిక దొరకలేదు. యంత్రం మాత్రం నా కడుపులో నిక్షేపంగా మగపిల్లాడున్నాడని చెప్పింది. ల్యాబంతా వచ్చి చేయి కలిపింది. తీగ లాగితే తేలిందేమిటంటే, ముందు రోజు గడ్డం సారు మూతలు తీసిన ట్యూబుల మీదికి వంగి, ఆలోచనలో పడి, తీరిగ్గా గడ్డం గోక్కున్నారు. ఆ ముప్పైమంది మగపిల్లలకీ తండ్రి ఆ గడ్డమే.

అప్పటి నుంచి మూడు ఏర్పాట్లు జరిగాయి. ఒకటి బోర్డు. రెండోది నీళ్ల ట్యూబు. రోజూ రక్తాలతో పాటు ఒక ట్యూబులో ఉత్త శుభ్రమైన నీళ్లు పోసి, దానికీ అన్ని మర్యాదలూ చేస్తాం. నీళ్లలో మగవాడు కనిపిస్తే ఆ రోజు చేసిందంతా పారబోసి, ఫ్రీజర్లో దాచిన రెండో సగంతో మళ్లీ మొదలు. మూడోది మగ మరకల పుస్తకం. తేదీ, ఏ మగవాడు, ఏం చేశాడు, తీసుకున్న చర్య అని నాలుగు గళ్లు గీశాను. పుస్తకం నా సొరుగులో ఉంటుంది, పెన్ను నా జేబులో ఉంటుంది. పోయిన నెల సారు అద్దం అవతల నిలబడి తుమ్మితే అది కూడా రాశాను. నాకు అంతటి నిష్ఠ ఉందనుకునేదాన్ని.

మా చెల్లెలు వంతెనల ఇంజనీరు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో దాన్ని గునపం అంటాం. ఎందుకంటే వంగదు, ఎదురుగా ఏముంటే దాన్ని పొడుచుకుంటూ పోతుంది. ముప్పై ఏడో ఏట మొదటి కాన్పు. ఐదో నెలలో కూడా హెల్మెట్ పెట్టుకుని పైకెక్కి కింద ఉన్నవాళ్లను తిడుతూ ఉండేది. నేను పోరగా పోరగా మా పరిశోధనకు రక్తం ఇచ్చింది.

"నొప్పి పుడితే చూడు" అంది చేయి చాపుతూ.

"నీకు నొప్పి పుట్టాలంటే సూది కాదు, డ్రిల్లు కావాలి" అన్నాను.

ట్యూబుకు అరవై మూడు అని నంబరు అంటించాను. మా దగ్గర పేర్లుండవు, నంబర్లే. ఎవరి అంకె ఎంతొచ్చిందో వాళ్లకూ వాళ్ల డాక్టర్లకూ చెప్పకూడదు, పరిశోధన పూర్తయ్యేదాకా. ఇది ఇంకా పరీక్ష కాదు, పరీక్ష అవుతుందా లేదా అని చూసే పరీక్ష. కాబట్టి ఎవరూ నోరు మెదపకూడదు.

ఆ రోజే ఏసీ చెడిపోయింది. లోపలి గది ఆవిరి కుండలా ఉంది. యంత్రం వేడెక్కి మూలగడం మొదలుపెట్టింది. ఏసీ మెకానిక్ వచ్చాడు. పొడుగాటి మీసాలు, యాభై ఏళ్ల మనిషి. "ఐదే నిమిషాలమ్మా, ఒక్క స్క్రూ" అన్నాడు. నేను పసుపు నీళ్లను రెండు సగాలుగా పంచుతున్నాను. మూతలన్నీ తీసి ఉన్నాయి. ఆపి, మూతలు పెట్టి, అతణ్ని రానిచ్చి, మళ్లీ గదంతా తుడిచి మొదలుపెట్టాలంటే మధ్యాహ్నం గడిచిపోతుంది. నా మెడ మీద చెమట ధారలు కడుతోంది. "కానీ త్వరగా" అన్నాను. అతను నా పక్కనే స్టూలెక్కి, మీసాల మీంచి చెమట తుడుచుకుంటూ, పనితో పాటు తన మోకాలినొప్పి చరిత్ర మొత్తం చెప్పి, దిగి వెళ్లిపోయాడు. చల్లగాలి వచ్చింది. నేను పుస్తకంలో రాయలేదు. పుస్తకం ఇతరులను పట్టుకోవడానికి కదా పెట్టుకున్నది.

మర్నాడు ఫలితాలొచ్చాయి. నీళ్ల ట్యూబు కడిగిన ముత్యంలా ఉంది. తక్కినవన్నీ మామూలే, ఐదో నెలకు ఉండాల్సిన ముప్పైలు, నలభైలు, కొన్ని సున్నాలు. అరవై మూడు దగ్గర మాత్రం నూట అరవై. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. కళ్లజోడుది తప్పేం లేదు.

వచ్చే సోమవారం గునపం మూడు నెలలు వంతెన కట్టే చోటికి వెళ్తోంది. నది ఒడ్డున రేకుల షెడ్లు. అక్కడి నుంచి ఏ ఆసుపత్రికి రావాలన్నా నాలుగు గంటలు. ఫిట్స్ మొదలైతే నాలుగు గంటలు ఆగుతాయా? బీపీ బాగుంది, మూత్రం బాగుంది, అంతా భేషుగ్గా ఉందని పైన డాక్టరమ్మ వెళ్లమని సంతకం కూడా పెట్టేసింది. ఆవిడకు ఈ అంకె తెలియదు. నేను చెప్పకూడదు.

నాకు మిగిలిన దారి ఒక్కటే. మగ మరక పడిందని అనుమానముంటే ఆ తల్లిని పిలిచి మళ్లీ రక్తం తీయొచ్చని మా నియమాల్లో ఉంది. కానీ నీళ్ల ట్యూబు శుభ్రంగా ఉన్నప్పుడు అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది? నేను నోరు తెరిస్తేనే వస్తుంది. ఏడాదిగా ఎవరి తుమ్ములు రాసుకుంటున్నానో వెళ్లి ఆయన ముందే నిలబడాలి. కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లాను.

"సారూ, ఒక మగవాడు లోపలికొచ్చాడు."

ఆయన ఉలిక్కిపడి తను ఎక్కడ కూర్చున్నారో చూసుకున్నారు. "నేను కాదు" అన్నారు.

"మీరు కాదు. ఏసీ మెకానిక్. నేనే రానిచ్చాను. మూతలు తీసి ఉన్నాయి. పుస్తకంలో రాయలేదు."

ఆయన మొహంలో దీపాలు వెలిగాయి. గడ్డం వెనక దాక్కున్న నవ్వు రెండు వైపులా కనిపించింది. "పుస్తకం పట్రండి" అన్నారు. తెచ్చాను. "పెన్ను?" ఇచ్చాను. తాపీగా, గుండ్రటి అక్షరాలతో, ఒక్కో మాటా పైకి చదువుతూ రాసుకున్నారు. "ఏ మగవాడు... ఏసీ మెకానిక్. ఏం చేశాడు... మోకాలినొప్పి గురించి చెప్పాడు. రానిచ్చింది ఎవరు అన్న గడి లేదే? మీరు గీయలేదు. గీద్దామా?"

"గీయండి సారూ."

నేను అంత మెత్తగా ఒప్పుకోవడం చూసి ఆయన పెన్ను ఆగింది. "ఏమైందమ్మా?"

కాగితం ముందు పెట్టాను. నూట అరవై చూశారు. నవ్వు మాయమైంది. "ఎవరిది?"

"మనకు పేర్లు తెలియవు కదా సారూ" అన్నాను. అయినా దాచలేకపోయాను. "మా చెల్లెలిది."

ఆయన పెన్ను కింద పెట్టారు. తర్వాత మెల్లగా, "చెమట చుక్క ఒక్క ట్యూబులోనే పడి ఉండొచ్చు. నీళ్లలో పడకపోయి ఉండొచ్చు" అన్నారు. "రెండో సగం కూడా అప్పుడే పంచారు కాబట్టి అదీ పనికిరాదు. కొత్త రక్తం తీయండి. మన నియమం ఒప్పుకుంటుంది."

శనివారం పొద్దున గునపం వచ్చింది, ఒంటికాలి మీద. "సోమవారం బయల్దేరాలి, బట్టలు సర్దుకోలేదు, నీకు నా రక్తం రుచి మరిగిందా?" అంది. వెనకాలే మా మరిది సంచీ పట్టుకుని నిలబడ్డాడు. అతను పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారు, సూది చూస్తే కళ్లు తిరిగే మనిషి. ముందుజాగ్రత్తగా గోడవైపు తిరిగి నిలుచున్నాడు.

"ట్యూబు పాడైందే. నా తప్పే" అన్నాను.

"నీ తప్పా?" అంది. నన్ను పైనుంచి కిందకు చూసింది. ముప్పై ఏడేళ్లుగా నా నోట రాని మాట అది. "అక్కా, ఒంట్లో బాగుందా?"

ఆ రోజు లోపలి గదిలో నేనొక్కదాన్నే. బల్లను మూడుసార్లు తుడిచాను. గౌను మీద గౌను వేసుకున్నాను. దోమ కూడా ఆడదో కాదో కనుక్కునిగానీ లోపలికి రానివ్వనన్నట్టు కూర్చున్నాను. రక్తం తిప్పాను, పంచాను, యంత్రంలో పెట్టాను. ఇక నాలుగు గంటలు ఆగాలి. ఆ నాలుగు గంటలూ నేను కోరుకున్నది ఒక్కటే. తప్పు నాదే కావాలి. నా బద్ధకమే, ఆ మెకానిక్ మీసమే ఆ అంకెకు కారణం కావాలి. ఈసారి నలభై రావాలి. సారు నా గురించి పుస్తకం నిండా రాసుకోనీ, బోర్డు మీద నా పేరు చెక్కించనీ. మనిషి ఇంత ఆశగా దోషి కావాలనుకోవడం నేనెప్పుడూ వినలేదు.

నీళ్ల ట్యూబు, సున్నా. చెల్లెలి ట్యూబు, నూట తొంభై.

నా తప్పేం లేదు. మెకానిక్ పాపం ఏ పాపమూ ఎరగడు. అక్కడే, ఆ రెండు గౌన్లలో, బల్లకు తల ఆనించి ఏడ్చాను. తర్వాత ఆ బల్ల మళ్లీ తుడవాల్సి వచ్చింది.

తల ఎత్తేసరికి అద్దానికి ముక్కు ఆనించి సారు నిలబడి ఉన్నారు. అంకె చూపించాను. ఆయన కాగితం లాక్కుని, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కారు. "సారూ, నియమం?" అన్నాను వెనకాలే పరుగెడుతూ. "ఆ నియమం రాసింది నేనే కదా. నా తిట్లు నేను పడతాను" అన్నారు ఆయాసపడుతూ. గడ్డం మనిషిని మొదటిసారి ముద్దు పెట్టుకోవాలనిపించింది. మరక పడుతుందని ఊరుకున్నాను.

డాక్టరమ్మ కాగితం వంక, తర్వాత మా వంక చూసింది. "అంకెకు మందు లేదు. ఇది నిజంగా ముందే చెబుతుందో లేదో మీకే ఇంకా తెలియదు" అంది. "అవును" అన్నారు సారు. "కానీ తెలిసే లోపు నాలుగు గంటల దూరం పంపను" అంది డాక్టరమ్మ. గునపాన్ని పిలిపించారు.

అది విని కుర్చీలోంచి లేచింది. "బీపీ బాగుంది, మూత్రం బాగుంది, నేను బాగున్నాను. బాగోనిది మీ ట్యూబొక్కటే. దానికోసం మూడు నెలల పని వదులుకోవాలా?"

"వదినా, మీరే చెప్పండి" అన్నాడు మరిది.

"నేను చెప్తే వింటుందా?" అన్నాను. అయినా ఊరుకోలేదు. "ఏమే, పాత వంతెన మీద పగులు కనిపిస్తే దానికి అడ్డంగా వెడల్పు కొలిచే గేజీ అతికిస్తామని గొప్పలు చెప్పావే. రోజూ పొద్దున్నే అంకె చూస్తామన్నావే. పైకి వంతెన నిక్షేపంలా ఉంటుంది. అంకె మాత్రం నాలుగింతలైంది. అప్పుడేం చేస్తావు?"

గునపం బల్ల మీది కాగితం వైపు చూసింది.

"లారీలు పోనిస్తావా? పైకి బాగానే ఉందిగా అని?"

"ఆపేస్తాను" అంది.

"ఎంతకాలం?"

అది మళ్లీ కుర్చీలో కూర్చుంది. పొట్ట మీద చేయి వేసుకుంది. "మీ యంత్రానికి మగపిల్లలే కనిపిస్తారన్నావుగా" అంది. "పుట్టేదాకా తెలుసుకోనని ఈయనతో పందెం కట్టాను. నాశనం చేశావు." వెళ్లి పొట్ట మీది ఆ చేయి పట్టుకున్నాను. విదిలించుకోలేదు.

ఆ తర్వాత మా కొంపలో రోజుకు రెండుసార్లు బీపీ. మరిది పట్టీ బిగించి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, గీత కలిపేవాడు. గునపం ఫోనులో నది ఒడ్డు వాళ్లను తిడుతూ చేయి చాపేది. తిట్టేటప్పుడు కొలిస్తే పది ఎక్కువొస్తోందని అతను వేరే రంగు చుక్కలు కూడా పెట్టాడు. ఒక నెల గడిచింది. గీత చదునుగానే ఉంది. "మీ గడ్డం సారుకు చెప్పు, ఖాళీగా కూర్చోబెట్టినందుకు ఆయన గోడ కూల్చి మళ్లీ కడతానని" అనేది. నాకూ అనుమానం మొదలైంది. రెండో నెలా కావొచ్చింది.

ఇరవై తొమ్మిదో వారంలో ఒక పొద్దున చుక్క కాగితం పైఅంచు దాకా పోయింది. మరిది తప్పు తనదే అనుకుని పట్టీ విప్పి మళ్లీ కట్టాడు. మళ్లీ అదే. "కళ్ల ముందు మిణుగురులు ఎగురుతున్నాయేంటి?" అంది గునపం. పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నాం. ఆ రోజు అది నది ఒడ్డున రేకుల షెడ్డులో ఉండాల్సింది. పది నిమిషాలకూ నాలుగు గంటలకూ మధ్య తేడా ఎంతో ఆ రోజు నాకు ఎవరూ లెక్క చెప్పక్కర్లేకపోయింది.

మందులతో, సూదులతో, కదలకుండా మూడు వారాలు నెట్టుకొచ్చారు. గునపాన్ని కదలకుండా పడుకోబెట్టిన ఘనత డాక్టరమ్మదే. ముప్పై రెండో వారంలో ఇక ఆగలేమని కడుపు కోసి బిడ్డను తీశారు. కిలోన్నర. అరుపు మాత్రం నాలుగు కిలోలది, తల్లి పోలిక. మూడు రోజులకు గునపం బీపీ దిగింది, దిగగానే నర్సుకు మంచం స్క్రూ వదులుగా ఉందని ఫిర్యాదు చేసింది. నేను బయటికెళ్లి నవ్వుతూ ఏడ్చాను.

పదకొండో రోజు పొద్దున అద్దాల పెట్టెలోంచి వాణ్ని తీసి నా చేతుల్లో పెట్టారు. "పెద్దమ్మనురా" అన్నాను. వాడు ఆవులించి, నా మణికట్టు మీద రెండు చుక్కల పాలు కక్కి నిద్రపోయాడు. వాడి వేళ్లు నా చూపుడు వేలు వదల్లేదు. గంటసేపు అలాగే కూర్చుని, టైము చూసుకుని, పరుగున కిందికెళ్లి గౌను వేసుకుని పనిలో పడ్డాను.

సాయంత్రం ఫలితాలొచ్చాయి. నీళ్ల ట్యూబులో మగవాడు. నిన్నటి దాకా కడిగిన ముత్యం, ఇవాళ భళ్లున వెలుగుతోంది. పన్నెండుమంది తల్లుల ట్యూబులు పారబోసి ఫ్రీజర్లోంచి మళ్లీ మొదలుపెట్టాలి.

గడ్డం సారు అద్దం అవతల రెండు చేతులూ పైకెత్తారు. "నేను కాదు! ఇవాళ ఇటు రానేలేదు, ఒట్టు!"

"తెలుసు సారూ" అన్నాను. "మీరు ముందు ఆడపిల్లల తల్లుల పద్ధతి సంగతి చూడండి. తర్వాత అంటే ఇక ఒప్పుకోను."

ఆయన తలూపారు. ఈసారి నిజంగానే ఊపినట్టనిపించింది.

సొరుగులోంచి పుస్తకం తీశాను. సారు అదనంగా గీసిన గడిలో ముందు రాశాను. రానిచ్చింది ఎవరు, నేనే. తర్వాత మిగతావి. ఏ మగవాడు, మావాడు. ఏం చేశాడు, పాలు కక్కాడు. తీసుకున్న చర్య అన్న చోట కాసేపు ఆగాను. ఎప్పుడూ అక్కడ హెచ్చరించడమైనది అని రాసేదాన్ని. ఈసారి ఇలా రాశాను. "ఏమీ లేదు. రేపు కూడా వెళ్తాను, కాకపోతే పని అయ్యాక."